వేళ్ళు చదివే భారతదేశం

పార్లమెంటులో పటాల ప్రసక్తి వచ్చినదంటే సాధారణంగా సరిహద్దు గీతల వివాదమే. ఏళ్ళ తరబడి ఆ చర్చలు విన్న నేను పటమంటే కంటితో చూడవలసినదే అనుకొన్నాను. కోల్‌కతాలో ఆ భావన చెదిరినది.

1956లో ఆచార్య ఎస్.పి. ఛటర్జీ సారథ్యాన వెలసిన జాతీయ అట్లాస్ సంస్థ, నేటి నాట్మో, అంధుల కొరకు ఒక అట్లాసు రూపొందించినది. ఆంగ్ల ప్రతిలో 20 పటాలు: నదులు, నేలలు, పంటలు, రోడ్లు, రైలు మార్గాలు. రంగులకు బదులు ఉబ్బెత్తు గీతలు, చుక్కలు. అక్షరాలు బ్రెయిలీ లిపి. ఈ కృషికి 2017 జనవరి 3న తిరుపతి సైన్స్ కాంగ్రెస్‌లో ప్రధాని నరేంద్ర మోదీ జాతీయ పురస్కారం అందజేశారు.

కళ్ళు మూసుకొని ఒక పటం తడిమాను. నది ఏదో, తీరరేఖ ఏదో పోల్చుకొనలేకపోయాను. చూపులేని విద్యార్థి వేలికి ఆ ఇబ్బంది లేదు. అలవాటే దాని చూపు. ఇంతకాలం భూగోళాన్ని విని వల్లెవేసిన ఆ విద్యార్థికి గోదావరి వంపును స్వయంగా తాకి తెలుసుకొనడం చిన్న విషయం కాదు.

పురస్కారం సరే, ఈ గ్రంథం జిల్లా పాఠశాలల బల్లల మీదికి ఎంతవరకు చేరినదని ఏ సభ్యుడైనా ప్రశ్నిస్తే, ఆనాడు పత్రికల గ్యాలరీలో నేను ముందుగానే కూర్చుంటాను.