మైల్స్‌తో ఫస్ట్ క్లాస్ టికెట్: అమ్మానాన్నల్ని అమెరికా పంపే ముందు ఈ లెక్క చూడండి

యూట్యూబ్‌లో ఈ తరహా వీడియోలు మీరూ చూసే ఉంటారు. విమానంలో తలుపున్న గది, పడుకోవడానికి బెడ్, కింద "టికెట్‌కి కట్టింది టాక్సులు మాత్రమే" అని క్యాప్షన్. అది అబద్ధం కాదు. కాకపోతే వీడియోలో చెప్పని షరతులు చాలా ఉన్నాయి.

మా నిజాంపట్నం, రేపల్లె, బాపట్ల, తెనాలి వైపు నుంచి అమెరికా వెళ్లేవాళ్లలో పెద్దవాళ్లు చాలామందే. కూతురి కాన్పుకో, కొడుకు గృహప్రవేశానికో బయల్దేరతారు. ముందు ఊరి నుంచి శంషాబాద్‌కు 300 కిలోమీటర్ల పైనే కారులోనో రైల్లోనో ప్రయాణం. ఆ తర్వాత గల్ఫ్ మీదుగా విమానం. దుబాయ్ నుంచి డల్లాస్ లెగ్ ఒక్కటే 15 గంటలు దాటుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి ఆ 15 గంటలు కాళ్లు చాపుకునే సీటు దొరికితే అది లగ్జరీ కాదు, అవసరం. కాబట్టి అసలు ప్రశ్న ఇది: మీ దగ్గరున్న పాయింట్లతో ఆ సీటు వస్తుందా?

మైల్స్ ఎక్కడి నుంచి వస్తాయి?

దారులు రెండు. ఒకటి, విమానం ఎక్కడం. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డల్లాస్ వెళ్లి వస్తే సుమారు 19 వేల మైళ్ల దూరం. కానీ తక్కువ ధర ఎకానమీ టికెట్‌కి అందులో కొంత భాగమే మైల్స్‌గా పడుతుంది. అమెరికా దాకా ఫస్ట్ క్లాస్‌కి వన్‌వేకే లక్ష మైల్స్ దాటడం మామూలే. అంటే ఏడాదికోసారి వెళ్లొస్తూ కూడబెడితే చాలా ఏళ్లు పడుతుంది. ఈలోగా మైల్స్ ఎక్స్‌పైర్ అవుతాయి. ఉదాహరణకి సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైల్స్‌కి గడువు మూడేళ్లే.

రెండోది క్రెడిట్ కార్డు. కొన్ని కార్డుల రివార్డ్ పాయింట్లను ఎయిర్‌లైన్ మైల్స్‌గా మార్చుకోవచ్చు. వీడియోల్లో కనిపించే టికెట్లు ఎక్కువగా ఈ దారిలో వచ్చినవే. అమెరికాలో ఉన్న అన్నయ్యో అక్కో వాడే అమెక్స్, చేజ్ కార్డుల పాయింట్లు కూడా క్రిస్‌ఫ్లయర్, ఏవియోస్ లాంటి వాటికి మారతాయి. టికెట్ అమ్మానాన్నల పేరు మీద తీయొచ్చు. క్రిస్‌ఫ్లయర్‌లో అయితే ఐదుగురిని నామినీలుగా పెట్టుకోవచ్చు.

ఫస్ట్ క్లాస్ నిజంగా దొరుకుతుందా?

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ సూట్స్ ఏ380 విమానాల్లో మాత్రమే ఉంటాయి. ఆ విమానం హైదరాబాద్‌కి రాదు. ఎమిరేట్స్ 2025 మే నుంచి మైల్స్‌తో ఫస్ట్ క్లాస్ బుకింగ్‌ని సిల్వర్, ఆపై స్థాయి సభ్యులకే పరిమితం చేసింది. పైగా ఎమిరేట్స్ ఏ350 విమానాల్లో ఫస్ట్ క్లాసే లేదు. అందుకే బుక్ చేసేముందు విమానం మోడల్ చూడటం తప్పనిసరి. ఫోన్ కొనేముందు ప్రాసెసర్ ఏంటో చూస్తాం కదా, ఇదీ అంతే.

మన అవసరానికి బిజినెస్ క్లాస్ సరిపోతుంది. ఖతార్ ఎయిర్‌వేస్ క్యూసూట్ బిజినెస్ క్లాసే, కానీ దానికి తలుపు ఉంది, సీటు పూర్తిగా బెడ్‌లా మారుతుంది. ఖతార్ 2022 నుంచి ఏవియోస్ వాడుతోంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌దీ అదే కరెన్సీ. రెండు అకౌంట్లను లింక్ చేస్తే ఇటువి అటు పంపుకోవచ్చు.

విలువ లెక్క

టికెట్ నగదు ధరలోంచి టాక్సులు, సర్‌ఛార్జీలు తీసేయండి. మిగిలినదాన్ని మైల్స్‌తో భాగించండి. ఊహకి ఒక లెక్క: బిజినెస్ టికెట్ ధర ₹1,80,000. మైల్స్‌తో అయితే 60 వేల మైల్స్, ₹15,000 టాక్సులు. అంటే ₹1,65,000ని 60 వేలతో భాగిస్తే ఒక్కో మైల్‌కి ₹2.75. అవే పాయింట్లను 30 పైసల లెక్కన షాపింగ్ వోచర్‌గా మార్చుకుంటే వచ్చేది ₹18,000. తేడా అర్థమైంది కదా. సర్‌ఛార్జీ ఎక్కువ వేసే ఎయిర్‌లైన్స్ కూడా ఉన్నాయి. అందుకే చివరి పేమెంట్ పేజీ దాకా వెళ్లి చూసి లెక్కేయండి.

ముందు సీటు, తర్వాతే ట్రాన్స్‌ఫర్

ఈ ఆర్టికల్‌లో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. కార్డు పాయింట్లు ఎయిర్‌లైన్‌కి వెళ్లాక వెనక్కి రావు. డేటాబేస్‌లో కమిట్ కొట్టాక రోల్‌బ్యాక్ లేనట్టే. అందుకే క్రమం ఇలా ఉండాలి:

1. ఎయిర్‌లైన్ యాప్‌లో ఫ్రీ అకౌంట్ తెరిచి, మీ తేదీలకి మైల్స్ సీటు ఉందో లేదో చూడండి. చాలా ఎయిర్‌లైన్స్ సుమారు 11 నెలల ముందే సీట్లు తెరుస్తాయి.
2. ట్రాన్స్‌ఫర్‌కి ఎంత టైమ్ పడుతుందో బ్యాంకు యాప్‌లో చూడండి. కొన్ని వెంటనే పడతాయి, కొన్నిటికి రోజులు పడుతుంది.
3. క్యాన్సిల్ ఛార్జీ ఎంతో చదవండి. వీసా చేతికి రాకముందు బుక్ చేస్తుంటే ఇది మరీ ముఖ్యం.
4. అన్నీ కుదిరాకే, కావలసినన్ని పాయింట్లే పంపండి.

ఇంటిపేరు, ఓటీపీ

మనవాళ్లకి ఎక్కువగా వచ్చే చిక్కు ఇది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఎయిర్‌లైన్ అకౌంట్లో ఇనీషియల్ మాత్రమే ఉంటుంది. పేరు కలవకపోతే మైల్స్ పడవు. అకౌంట్ తెరిచేటప్పుడే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం టైప్ చేయండి.

అమ్మానాన్నల అకౌంట్‌కి ఈమెయిల్ కూడా ఇవ్వండి. వాళ్లు అమెరికాలో దిగాక ఇండియా సిమ్‌కి రోమింగ్ లేకపోతే ఓటీపీ రాదు. బోర్డింగ్ పాస్‌ల ఫోటోలు ఫోన్‌లో ఉంచండి. పడని మైల్స్ అడగడానికి చాలా ఎయిర్‌లైన్స్ ఇచ్చే గడువు ఆరు నెలల దాకానే.

ఎవరికి వద్దు?

కార్డు బిల్లు నెలనెలా పూర్తిగా కట్టలేనివాళ్లు దీని జోలికి వెళ్లకండి. బాకీ మీద నెలకి 3.5 శాతం వడ్డీ అంటే ఏడాదికి 42 శాతం. ఆ లెక్కలో ఏ ఫస్ట్ క్లాసూ ఫ్రీ కాదు. చెరువుకి మేత, పిల్లల ఫీజు లాంటి ఎలాగూ పెట్టే ఖర్చు కార్డు మీద పెడితే సరే, అదీ విడిగా ఛార్జీ వేయకపోతేనే. పాయింట్ల కోసం కొత్త ఖర్చు పెట్టకండి. అద్దె, వాలెట్ లోడ్, పెట్రోలు లాంటి వాటికి చాలా కార్డులు పాయింట్లే ఇవ్వవు. ఈ రూల్స్ తరచూ మారుతుంటాయి కాబట్టి కార్డు తీసుకునే రోజున బ్యాంకు సైట్‌లో చూసుకోండి.

మా తీర్పు

ఫస్ట్ క్లాస్‌ని టార్గెట్‌గా పెట్టుకోకండి. పెద్దవాళ్లిద్దరికీ, పొడవైన ఆ ఒక్క ప్రయాణానికి బిజినెస్ క్లాస్ బెడ్ తీసుకుంటే పాయింట్లకి దక్కే మంచి విలువ అదే. అన్నిటికీ చాలకపోతే వెళ్లేటప్పుడు మాత్రమే మైల్స్ వాడి, తిరుగు టికెట్ ఎకానమీలో తీయండి. పైగా ఎమిరేట్స్, ఖతార్‌లలో అమెరికాకి బిజినెస్ లగేజీ మనిషికి 32 కిలోల బ్యాగులు రెండు. ఆవకాయ జాడీ తూకం గురించి ఎయిర్‌పోర్టులో గొడవ ఉండదు.