ఇరుసు మార్చాలా? బూటు మార్చాలా?

(బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)

పల్లెటూరి వాళ్ళకి ఇరుసు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆముదంలో గడ్డి మసి కలిపి ఎడ్లబండికి కందెన పెట్టటం మా తాత తరం వాళ్ళందరికీ తెలిసిన పనే. కందెన ఎండిపోతే బండే కీచుమని ఊరంతటికీ చెప్పేసేది. అదే ఇరుసు కారులోకి వచ్చేసరికి చక్రం వెనకాల, మన కంటికి ఆనకుండా దాక్కుంది. దానికీ కందెన కావాలి. ఆ కందెన బయటికి పోకుండా, దుమ్ము లోపలికి రాకుండా ముడతలు ముడతలుగా ఒక రబ్బరు తొడుగు కావాలి. ఆ తొడుగునే మెకానిక్కులు "బూటు" అంటారు. బూటు చినిగితే బూటుతో సరిపెట్టాలా, ఇరుసే మార్చాలా అన్నది క్రిందటేడు మా ఇంట్లో పెద్ద సమస్య అయి కూర్చుంది. దాని వెనక ఉన్న సైన్సుని మిత్రులకు చెప్పాలనే ఈ చిన్న ప్రయత్నం.

మాది పర్చూరు వైపు పత్తీ మిరపా పండించే కుటుంబం. మాకొక సెకండ్‌హ్యాండ్ మారుతి 800 ఉంది. అది షోకుకి కొన్నది కాదు. మా నాయనమ్మకి వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలసిస్ చేయించాలి. ఒకరోజు టైరు విప్పితే చక్రం లోపలి వైపంతా నల్లటి గ్రీజు చిమ్మి కనపడింది. నాన్నకి చెప్పాను. "మిర్చి అమ్మాక చూద్దాంలేరా" అన్నాడు. మా ప్రాంతంలో పెళ్ళి దగ్గర్నుంచి పన్ను పీకించుకోవటం దాకా అన్నిటికీ ఇదే గడువు. కాని మా టిక్కీలు గుంటూరు యార్డుకి చేరకముందే, సంక్రాంతి వెళ్ళగానే, మలుపు తిరిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది.

అసలు ఈ కీలు ఎందుకు?

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో ఇంజను ముందుంటుంది గాని లాగేవి వెనక చక్రాలు. వెనక చక్రాలు పక్కకి తిరగవు గనుక వాటి ఇరుసులు ఇనప గొట్టంలో భద్రంగా తిరుగుతుంటాయి. వాటికి ఈ రకం బూట్లతో పని లేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక, ముందు చక్రాలే లాగే కార్లు మన రోడ్ల మీద మామూలైపోయాయి. ఇక్కడే చిక్కు వచ్చింది. ముందు చక్రం బండిని లాగాలి, స్టీరింగు తిప్పినట్టు తిరగాలి, గుంటల్లో ఎగిరి పడాలి. ఈ మూడూ ఒకేసారి చెయ్యాలంటే ఇరుసు తిన్నటి కడ్డీగా ఉంటే కుదరదు. రెండు చివర్లా మన మోకాలికి ఉన్నట్టు కీళ్ళు ఉండాలి.

లారీల ప్రొపెల్లర్ షాఫ్టుకి ఉండే "క్రాసు" జాయింటు పెట్టొచ్చు గదా అని అడగవచ్చు. లెక్క వేసి చూడండి. 30 డిగ్రీల వంపులో ఒకవైపు కడ్డీ ఒకే వేగంతో తిరుగుతున్నా, రెండోవైపు కడ్డీ ప్రతి చుట్టులోనూ రెండుసార్లు 15 శాతం దాకా వేగం పెరుగుతుంది, రెండుసార్లు 13 శాతం దాకా తగ్గుతుంది. స్టీరింగు చేతిలో నిలవదు. 1920ల్లో అమెరికా ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా దీనికి ఉపాయం కనిపెట్టాడు. రెండు ఉక్కు చిప్పల మధ్య గాళ్ళు చెక్కి, వాటిలో ఆరు ఉక్కు గుండ్లు కూర్చాడు. ఇరుసు ఎంత వంగినా ఆ గుండ్లన్నీ రెండు కడ్డీల మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేసే తలంలోనే ఉంటాయి. అందువల్ల రెండువైపులా వేగం ఒకటే. దీన్నే సి.వి. జాయింటు అంటారు. చక్రం దగ్గర ఉండేది బయటి జాయింటు, గేరుబాక్సు దగ్గర ఉండేది లోపలి జాయింటు.

బూటు చినిగితే ఏమవుతుంది?

బయటి జాయింటులో వాడే నల్లటి గ్రీజులో సాధారణంగా మాలిబ్డినం డైసల్ఫైడు కలుపుతారు. ఇది గ్రాఫైటులాగా పొరలు పొరలుగా జారుతుంది. గుండ్లు ఎంత ఒత్తినా ఆ పొర ఉక్కుకీ ఉక్కుకీ మధ్య నిలబడుతుంది. బూటు మాత్రం చక్రం తిరిగినంతసేపూ ముడుచుకుంటూ సాగుతూ ఉండాల్సిందే. వయసు, ఎండ, గాలిలోని ఓజోను కలిసి రబ్బరుని పెళుసు చేస్తాయి. మనవైపు పత్తి మోళ్ళు మిగిలిన చేలోకి కారుని దించామా, మోడు గుచ్చుకుని ఒక్క రోజులోనే చినగవచ్చు.

చీలిక పడగానే తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముకుపోతుంది. ఆ దారినే నీళ్ళూ దుమ్మూ లోపలికి వస్తాయి. నల్లరేగడి బంక మెత్తనిదే గాని, రోడ్డు దుమ్ములో ఉండే క్వార్ట్జ్ ఇసుక గట్టిది. గ్రీజులో కలిసిన ఆ ఇసుక సాన పట్టినట్టు ఉక్కుని అరగదీస్తుంది. చిప్పల పైన గట్టిపరిచిన పొర పలచనిది. అది పోయాక గాళ్ళలో గుంటలు పడతాయి. గుండు గుంటలో పడి లేచినప్పుడల్లా టక్ మంటుంది. గుంట పడ్డ ఉక్కుకి ఎంత గ్రీజు పోసినా ఆ గుంట పూడదు. బూటా, ఇరుసా అనే ప్రశ్నకి జవాబంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

తేల్చుకునేదెలా?

ఖాళీ కల్లంలో స్టీరింగు పూర్తిగా ఒకవైపుకి తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపాలి. తర్వాత రెండోవైపుకి. ఎడమకి తిరిగేటప్పుడు మోగితే చాలాసార్లు కుడి జాయింటు అరిగిందని, కుడికి తిరిగేటప్పుడు మోగితే ఎడమదని అర్థం. తిన్నగా పోయేటప్పుడు యాక్సిలరేటరు తొక్కితే బండి వణుకుతుంటే లోపలి జాయింటుని అనుమానించాలి. వేగంతో పాటు పెరిగే "హూఁ" అనే మోత అయితే అది చక్రం బేరింగుది కావచ్చు. ఆ మోతకి ఇరుసు మార్చి లాభం లేదు.

చీలిక కొత్తది, చప్పుడు లేదు, గ్రీజులో ఇసుక తగలటం లేదు అనుకోండి. జాయింటు విప్పి, కడిగి, గాళ్ళు నున్నగా ఉన్నాయో లేదో చూసి, కొత్త బూటు, కొత్త గ్రీజు, కొత్త క్లాంపులు వేస్తే చాలు. చప్పుడు వచ్చిందంటే బూటు దశ దాటిపోయినట్టే. జాయింటు విడిగా దొరికితే జాయింటు, లేకపోతే మొత్తం ఇరుసు మార్చాలి. అనుమానం ఉన్న జాయింటుకి కొత్త బూటు వెయ్యటం తెలివైన పొదుపు కాదు. ఎందుకంటే బూటుకైనా ఇరుసుకైనా కడ్డీని ఊడదియ్యాల్సిందే. ఆరు నెలలకి మళ్ళీ విప్పితే కూలి రెండుసార్లు ఇచ్చుకోవాలి.

రీకండిషన్ ఇరుసులు కూడా అమ్ముతారు. గాళ్ళు మళ్ళీ సాన పట్టి, తగిన పెద్ద గుండ్లు వేసినవి మంచివే. కడిగి, రంగు వేసి, కొత్త బూటు తొడిగినవి పైకి కొత్తవిగా కనపడతాయి, అంతే. ట్రాక్టరు ట్రక్కు ఇరుసుకి వెల్డింగు పెట్టినట్టు దీనికి పెట్టించకూడదు. ఆ వేడికి ఉక్కు పదును పోయి, అతుకు పక్కనే తెగుతుంది.

ఒక ఇరుసు తెగినా రెండో చక్రం లాగుతుందిలే అనుకోవటం పొరపాటు. డిఫరెన్షియల్ రెండువైపులా ఒకే బలం ఇస్తుంది. తెగినవైపు ఏ అడ్డూ లేదు గనుక ఆ వైపు ఊరికే తిరుగుతుంది, రెండోవైపుకి బలమే అందదు. బండి అక్కడే నిలిచిపోతుంది. గేరులో పెట్టి వదిలినా ఆగదు, హ్యాండుబ్రేకే దిక్కు.

మా బండి సంగతి

మేస్త్రీ రెండువైపులా విప్పి చూశాడు. ఎడమ బూటుకి కూడా అప్పుడే సన్నటి చీలిక పడింది గాని లోపల గాళ్ళు అద్దంలా ఉన్నాయి. కుడివైపే చప్పుడు. "కుడిదానికీ ఆ బూటొక్కటి ఏసి పంపవయ్యా, నెలాఖరుకి సరుకు అమ్ముతాం" అన్నాడు నాన్న. మేస్త్రీ మాట్లాడకుండా చిప్ప తుడిచి ఆయన చేతిలో పెట్టాడు. నాన్న గాడిలో వేలు పెట్టి రాశాడు. గోరు ఆగింది. మళ్ళీ రాశాడు, మళ్ళీ ఆగింది. కాసేపు ఊరుకుని, "అమ్మని రోడ్డు మీద కూర్చోబెట్టలేం. మార్చేసెయ్యి" అన్నాడు.

ఎడమవైపు బూటు, కుడివైపు ఇరుసు వేశారు. బూటు డబ్బు నాన్న జేబులోంచే ఇచ్చాడు. ఇరుసు డబ్బుకి కమీషన్ కొట్టులో మిర్చి మీద అడ్వాన్సు తీసుకోవాల్సి వచ్చింది. నేను మొదట గ్రీజు చూసిన రోజే విప్పించి ఉంటే కుడివైపు కూడా బూటుతోనే పోయేదేమో. ఆ రోజు గట్టిగా చెప్పనందుకు తప్పు నాదీను.

సెలవులకి ఇళ్ళకి వెళ్ళే మిత్రులకి ఒక మనవి. మీ ఇంట్లో కారుంటే స్టీరింగు పూర్తిగా ఒకవైపుకి తిప్పి, ఇంజను ఆపి, హ్యాండుబ్రేకు వేసి, చక్రం వెనక టార్చి వేసి చూడండి. వట్టి జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం దూరకండి. రబ్బరు ముడతల మధ్య పగులు గాని, చక్రం లోపల నల్లటి చారలు గాని కనపడితే ఇంట్లో ఆ రోజే చెప్పండి. మిర్చి అమ్మేదాకా ఆగమంటే బూటు ఆగదు.