మైనస్ 26లో చంటిపాప... చిన్న డీజిల్ కారు!

‘‘రేపు పాపని ఇంటికి తీసుకెళ్లిపోవచ్చు’’ అని నర్సు చెప్పింది. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను మాత్రం ఫోన్లో రేపటి చలి ఎంతో చూశాను. పొద్దున్నకి మైనస్ 26. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ముందు గుర్తొచ్చింది పాప కాదు, కారు! ఈ మాట మా ఆవిడకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివాక నా పని ఎలాగూ అయిపోయినట్టే.

మాది ఖమ్మం. నేను ఇంజినీరింగ్ అయ్యాక మాస్టర్స్ కోసం స్వీడన్ వచ్చాను. ఉద్యోగం ఆ దేశానికి ఉత్తరాన ఉన్న లూలియో అనే ఊళ్లో దొరికింది. ఆర్కిటిక్ వలయం ఇక్కడికి 100 కిలోమీటర్లే. డిసెంబర్లో పగలు మూడు గంటలుంటే గొప్ప. సముద్రం గడ్డకట్టాక దానిమీదే దారి వేసి కార్లు నడుపుతారంటే చలి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇక్కడికొచ్చిన కొత్తలో సెకండ్‌హ్యాండ్‌లో ఓ చిన్న డీజిల్ కారు కొన్నాను. మనవాళ్లం కదా, కారు చూడగానే అడిగే మొదటి ప్రశ్న ‘‘లీటరుకి ఎంతిస్తుంది?’’ అన్నదే. ఇది 22 ఇస్తుందన్నారు. ఇంకేం ఆలోచించలేదు. ఆ మైలేజీకి, నా కాళ్లు గడ్డకట్టడానికీ సంబంధం ఉందని తర్వాత తెలిసింది.

కొబ్బరినూనె కథే!

మొదటి చలికాలంలోనే కారు నాకు పాఠం చెప్పింది. సెప్టెంబర్లో ట్యాంకు ఫుల్లు చేయించి, నవంబర్లో చెల్లెలి పెళ్లికని ఇండియా వెళ్లాం. ఐదు వారాల తర్వాత తిరిగొచ్చేసరికి బయట మైనస్ 24. తాళం తిప్పితే ఇంజిన్ మూలిగింది తప్ప స్టార్టవలేదు. పక్కింటాయన తన కారు బ్యాటరీకి కేబుళ్లు తగిలించి సాయం చేశాడు. స్టార్టయింది. రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయింది. మళ్లీ ఎంత తిప్పినా ఉలకలేదు, పలకలేదు.

లాక్కెళ్లి వెచ్చటి షెడ్డులో పెట్టారు. సాయంత్రానికి కారు ఏమీ జరగనట్టు చక్కగా స్టార్టయింది! మెకానిక్ నన్ను ఒకటే అడిగాడు: ‘‘ఈ డీజిల్ ఎప్పుడు పోయించావు?’’

మనింట్లో చలికాలం కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది కదా, డీజిల్‌దీ ఇంచుమించు అదే కథ. అందులో ఉండే మైనం చలికి చిన్నచిన్న రేణువులుగా మారి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. ఇంజిన్‌కి చుక్క కూడా అందదు. అందుకే చలిదేశాల్లో కాలాన్ని బట్టి బంకుల్లో డీజిల్ మారుస్తారు. వేసవి డీజిల్ వేరు, చలికాలం డీజిల్ వేరు. నా ట్యాంకులో ఉన్నది సెప్టెంబర్ నాటి సరుకు. మన దేశంలోనూ లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది.

ఈ సంగతి నాన్నకి ఫోన్లో చెప్పాను. ఆయన ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యారు. ‘‘ఇంత కిరోసిన్ కలపకపోయినవారా?’’ అన్నారు. పాత ఇంజిన్లకి ఆ చిట్కా చెల్లింది కానీ ఇప్పటి ఇంజిన్లలో చెల్లదు. వాటిలో డీజిల్‌ని విపరీతమైన ఒత్తిడితో పంపే పంపుకి ఆ డీజిలే కందెన కూడా. కిరోసిన్ కలిపితే పంపు అరిగిపోతుంది. చలి మొదలయ్యేలోపు పాత డీజిల్ వాడేసి, కొత్తది పోయించుకోవడం ఒక్కటే దారి.

పొదుపు ఇంజిన్‌తో పేచీ

డీజిల్ ఇంజిన్‌లో పెట్రోల్ ఇంజిన్‌లాగా నిప్పురవ్వ ఉండదు. గాలిని బాగా నొక్కేస్తే అది వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. మా పొలం దగ్గర పాత ఆయిలింజన్ని నాన్న హ్యాండిల్ వేసి తిప్పేవారు. వేగం అందుకున్నాక పైనున్న లీవర్ వదిలితే అప్పుడు గాలి నలిగి ‘డుబ్’మని మొదలయ్యేది. సూత్రం అదే. కాకపోతే మైనస్ 20లో ఉన్న ఇనుము, నలిగిన గాలిలోని వేడిని పీల్చేసుకుంటుంది. అందుకే లోపల గ్లో ప్లగ్గులు పెట్టి ముందుగా వేడి చేస్తారు. డాష్‌బోర్డు మీద పసుపురంగు స్ప్రింగులాంటి గుర్తు ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు స్టార్ట్ చేయాలి. దీనికి తోడు గట్టి చలిలో బ్యాటరీ బలం దాదాపు సగానికి పడిపోతుంది. ఆయిలు చిక్కబడి ఇంజిన్ తిరగడానికే మొరాయిస్తుంది.

సరే, స్టార్టయింది. మరి లోపల వెచ్చదనం ఏది?

కారు హీటర్ అంటే కొత్తగా వేడి పుట్టించేది కాదు. ఇంజిన్ వృథా చేసిన వేడినే నీళ్ల ద్వారా లోపలికి తెస్తుంది. మంచి మైలేజీ ఇచ్చే ఇంజిన్ అంటేనే వేడిని తక్కువ వృథా చేసేదని అర్థం. నేను మురిసిపోయి కొన్న గుణమే నా కాళ్లని చల్లబెడుతోందన్నమాట!

పోనీ ఓ అరగంట అలా ఆన్‌లో ఉంచేస్తే? మోటుగా లెక్కేద్దాం. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. కదలకుండా ఉన్నప్పుడు చిన్న డీజిల్ ఇంజిన్ గంటకి అరలీటరు తాగుతుందనుకుందాం. అంటే 5 యూనిట్లు. అందులో నీళ్లకి చేరే వేడి ఇంచుమించు మూడోవంతు. అంటే బాత్రూమ్‌లో గీజరంత కూడా కాదు. అది వంద కిలోలు దాటిన గడ్డకట్టిన ఇనుమునీ వేడెక్కించాలి, మిమ్మల్నీ వెచ్చబరచాలి. అదే 80 వేగంతో వెళ్తుంటే గంటకి మూడున్నర లీటర్లు కాలుతుంది. నీళ్లకి ఐదారు రెట్లు వేడి అందుతుంది. అందుకే స్టార్ట్ చేశాక ఓ నిమిషంలోపే బయల్దేరి, మొదటి కొన్ని కిలోమీటర్లు ఇంజిన్‌ని గట్టిగా తొక్కకుండా నిదానంగా నడపాలి. పైగా ఇక్కడ ఊరికే ఇంజిన్ తిప్పుతూ నిలబెట్టడం మీద ఆంక్షలున్నాయి. స్టాక్‌హోమ్‌లోనైతే నిమిషం దాటకూడదు.

కారుకీ ఓ ప్లగ్గు

లూలియోలో మా అపార్టుమెంట్ పార్కింగ్‌లో ప్రతి కారు ముందూ ఓ చిన్న స్తంభం, దానికో ప్లగ్గు ఉంటాయి. కొత్తలో ‘అబ్బో, అందరికీ ఎలక్ట్రిక్ కార్లే’ అనుకున్నాను. కాదు. అవి ఇంజిన్ హీటర్ల కోసం. ఇంజిన్‌కి బిగించే చిన్న హీటర్ అది. మన ఇళ్లలో బకెట్లో వేసే వాటర్ హీటర్‌కి తమ్ముడనుకోండి. ఐదారు వందల వాట్లే.

దీన్ని రాత్రంతా పెట్టక్కర్లేదు. సున్నా డిగ్రీల దగ్గర అరగంట, గంట చాలు. మైనస్ 10 అయితే గంటన్నర. మైనస్ 20 దాటితే రెండు మూడు గంటలు. టైమర్ పెట్టుకుంటే పొద్దున బయల్దేరే వేళకి ఇంజిన్ గోరువెచ్చగా ఉంటుంది. ఒకటి, ఒకటిన్నర యూనిట్ కరెంటుతో ఇంజిన్ అరుగుదల, పొగ, డీజిల్ ఖర్చు అన్నీ తగ్గుతాయి. హీటర్ గాలి కూడా త్వరగా వేడెక్కుతుంది.

అదే కేబుల్‌తో పనిచేసేలా కారు లోపలా ఓ చిన్న ఫ్యాన్ హీటర్ పెట్టించుకోవచ్చు. అద్దాల మీద మంచు గీకే బాధ తప్పుతుంది. అయితే అది కార్ల కోసం చేసిందే అయ్యుండాలి. ఇంట్లో వాడే రూమ్ హీటర్ని కారులో పెట్టి వదిలేస్తే సీట్లకి నిప్పంటుకోవచ్చు. ఇంకో మాట. మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్‌లో పెట్టొద్దు. మంచులో చిక్కుకుంటే పొగగొట్టం మూసుకుపోయిందేమో దిగి చూడండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ముల్లు ఎందుకు పడిపోతోంది?

రెండో చలికాలానికి మా ఆవిడకి ఏడో నెల. చెకప్‌కి వెళ్తుంటే తనే కనిపెట్టింది: ‘‘ఊళ్లో ఉన్నంతసేపూ కాస్త వెచ్చగానే వస్తోంది, హైవే ఎక్కగానే చల్లగాలి కొడుతోందేంటి?’’

సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, ఊరుకుంటానా? కారుకి చిన్న డాంగిల్ తగిలించి, ఇంజిన్ నీళ్ల ఉష్ణోగ్రత ఫోన్లోకి రికార్డు చేసి, గ్రాఫ్ గీశాను. ఊళ్లో 74 డిగ్రీలు. హైవే మీద 58కి పడిపోతోంది. సెన్సార్ లోపమా, ప్రోగ్రామ్ లోపమా అని రెండు రాత్రులు తవ్వాను. చివరికి ఆ గ్రాఫ్ నాన్నకి వాట్సాప్‌లో పంపితే ఆయన గ్రాఫ్ తెరవనేలేదు. సంగతి విని, ‘‘థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందిరా’’ అన్నారు. పది సెకన్లు!

ఇంజిన్ దాదాపు 85-90 డిగ్రీలకి వచ్చేదాకా నీళ్లని రేడియేటర్ వైపు పోనివ్వని చిన్న తలుపది. అది తెరుచుకుని ఇరుక్కుపోతే, వచ్చిన కాస్త వేడినీ చలిగాలి ఎగరేసుకుపోతుంది. వేగం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. మన ఎండలకి ఇదెందుకని కొందరు మెకానిక్‌లు పీకి పారేసేవాళ్లట. ఇక్కడ మాత్రం అదే ప్రాణం. కొత్తది వేయించాను. ముల్లు 88 దగ్గర కదలకుండా నిలబడింది.

‘‘రేడియేటర్ ముందు గోనెసంచి కట్టు’’ అన్నది ఆయన రెండో సలహా. గోనెసంచి దొరకలేదు కానీ అట్టముక్క పెట్టాను, సగం మేర. బాగా పనిచేసింది. చలి తగ్గగానే తీసేయాలి. లేదంటే ఇంజిన్ మరీ వేడెక్కిపోతుంది. ఆ ఏడాది ఇంజిన్‌లోని కూలెంట్ కూడా పరీక్ష చేయించాను. కూలెంట్, నీళ్లు సగం సగం ఉంటే మైనస్ 35 దాకా దిగుల్లేదు. ఉత్త నీళ్లుంటే గడ్డకట్టి ఇంజిన్‌నే పగలగొడతాయి.

చలికోటుతో బెల్టు వద్దు

ఇక ఆ పొద్దున దగ్గరికొద్దాం. పాప కోసం ఖమ్మం నుంచి వచ్చిన అమ్మ స్వెట్టర్, దానిమీద దూదిలాంటి చలికోటు, దానిమీద రెండు దుప్పట్లు సిద్ధం చేసింది. నర్సు చూసి చలికోటు తీసేయమంది. అమ్మకి కోపమొచ్చింది. ‘‘పసిగుడ్డురా! ఈ చలిలో కోటు తీయమంటదేంది?’’

నర్సు చెప్పిన కారణం వింటే నాకు చెమట పట్టింది. లావుపాటి కోటు మీద సీటు బెల్టు బిగిస్తే బిగుతుగా ఉన్నట్టే కనిపిస్తుంది. కారు గుద్దుకుంటే మాత్రం ఆ దూది అణిగిపోయి బెల్టు వదులైపోతుంది. పాప జారిపోవచ్చు. అందుకని పల్చటి బట్టలు రెండు పొరలు వేసి, బెల్టు బిగించి, దుప్పటి ఆ పైన కప్పాలి. పిల్లలకే కాదు, మనకీ ఇదే వర్తిస్తుంది.

అంటే కారు వెచ్చగా ఉండటం సుఖం కోసం కాదు. పాప బెల్టు సరిగ్గా పడాలంటే కారు వెచ్చగా ఉండి తీరాలి.

ఆసుపత్రి లూలియోకి, బోడెన్‌కి మధ్యలో ఉంటుంది. నేను ముందు రాత్రే ఇంటికొచ్చేశాను. పొద్దున రెండున్నర గంటలు ఇంజిన్‌కీ, లోపలికీ హీటర్ పెట్టాను. అట్టముక్క సరిచూశాను. పొగగొట్టం దగ్గర మంచు ఊడ్చాను. ఆసుపత్రికి చేరేసరికి ముల్లు 88. లోపల స్వెట్టర్ విప్పేయాలనిపించేంత వెచ్చదనం. పాపని సీటులో పడుకోబెట్టి, బెల్టు బిగించి, దుప్పటి కప్పాం. అమ్మ పక్కన కూర్చుని పాప పాదాలు ముట్టుకుని చూసింది. ‘‘వెచ్చగానే ఉన్నయిలే’’ అంది. ఆ మాటకి నా భుజాల మీంచి పెద్ద బరువు దిగింది.

ఇంటికొచ్చి కారు ఆపగానే నాన్న వీడియో కాల్. మనవరాలిని చూడాలని పొద్దుట్నుంచీ ఫోన్ పట్టుకుని కూర్చున్నారట. ఫోన్ ఎత్తగానే ఆయన అడిగిన మొదటి మాట: ‘‘ముల్లు ఎంతల ఉన్నదిరా?’’

‘‘ఎనభై ఎనిమిది నాన్నా.’’

‘‘సరే. ఇగ పిల్లను చూపియ్యి.’’