చలి పల్లమెరుగు

అరకులో మా వీధి చివర రోడ్డు ఒక చిన్న కల్వర్టు మీదికి దిగుతుంది. పెద్ద దిగుడేం కాదు, తొక్కకుండా వదిలేస్తే సైకిలు తనంతట తాను యాభై అరవై గజాలు జారుతుంది, అంతే. డిసెంబరులో తెల్లవారుజామున పాలకి వెళ్తూ ఆ యాభై గజాల్లో రోజూ ఒక వింత చూస్తాను. చూస్తాననడం తప్పు, కంటికి కనబడేది కాదది. వీధిలో ఉన్నంతసేపూ చలి ఓ మాదిరిగా ఉంటుంది. రోడ్డు వంగగానే ముందు చీలమండలకి తగులుతుంది, చెరువులో కాలు పెట్టినట్టు. మరి నాలుగు గజాలకి మోకాళ్లు. కల్వర్టు దగ్గరికొచ్చేసరికి ఛాతీ, గొంతు, చెవులు. హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు అప్పటికే నావి కావు. అవతలి గట్టు ఎక్కుతుంటే చలి పైనుంచి కిందికి వదులుతుంది. ముందు చెవులు, తర్వాత ఛాతీ, ఆఖరికి పాదాలు. ఒంటికి చుక్క తడి అంటకుండా ఏరు దాటినట్టు ఉంటుంది.

నీరు పల్లమెరుగు అంటారు. ఈ కొండల్లో చలి కూడా పల్లమెరుగు.

మబ్బులేని శీతాకాలపు రాత్రి, పగలంతా ఎండలో కాగిన కొండవాలు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. చల్లబడిన గాలికి బరువెక్కువ. వాగులు నడిచే దారులే పట్టుకుని చప్పుడు చేయకుండా కిందికి జారి, లోయ అడుగున మడుగు కడుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. మామూలు లెక్కయితే కిలోమీటరు ఎత్తు పెరిగితే ఆరు డిగ్రీలకు పైగా చల్లబడాలి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మా ఊరు విశాఖపట్నం కంటే చల్లగా ఉండేది ఆ లెక్క ప్రకారమే. తెల్లవారుజామున లోయలో మాత్రం లెక్క తలకిందులవుతుంది. కింద చలి, కాస్త పైన వెచ్చదనం. దీన్నే ఉష్ణోగ్రత విలోమం అంటారని బళ్లో పిల్లలకి ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. అది నా ఒంటికి అర్థమైంది సైకిలెక్కాకే. కారులో అద్దాలు మూసుకుంటాం, తెలియదు. మోటారు సైకిలు మీద మొత్తం దారంతా చలే, తేడా తెలియదు. గంటకి పది పన్నెండు కిలోమీటర్ల వేగంలో వెళ్తేనే ఈ మడుగుకి అంచు ఎక్కడుందో తెలుస్తుంది.

ఇలాంటి మడుగు పొగమంచుతో నిండినప్పుడు పైనుంచి చూడ్డానికి పాడేరు దగ్గర వంజంగి కొండ మీదికి జనం చీకటితో లేచి వెళ్తున్నారు. తెల్లగా పాలకడలి, అందులో ద్వీపాల్లా కొండ శిఖరాలు. బాగుంటుంది, కాదనను. వాళ్లు వదిలిపెట్టి వచ్చే ప్లాస్టిక్కు బాగుండదు. నన్నడిగితే ఆ కడలి అడుగున సైకిలు తొక్కడం అంతకంటే బాగుంటుంది. పది గజాల దూరంలో ఏముందో కనబడదు. టోపీ ఉన్ని పోగుల మీద నీటి బొట్లు ఆవగింజల్లా కూర్చుంటాయి. కంచె తీగల మధ్య సాలీడు గూళ్లన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. అన్ని గూళ్లు అక్కడున్నట్టు మిగతా రోజంతా ఎవరికీ తెలియదు.

మన మాటల్లో ఒక ఇబ్బంది ఉంది. గడ్డి మీది తడికీ, లోయలో పొగకీ, హిమాలయాల మీద కురిసే హిమానికీ అన్నిటికీ కలిపి మంచు అంటాం. దాంతో ప్రతి చలికాలంలోనూ ఎవరో ఒకరు బస్సు దిగి, "మంచు ఎక్కడ కురుస్తుందండీ?" అని అడుగుతారు. లంబసింగి వెళ్లమంటాం. అక్కడికెళ్లినా దొరికేది పొగమంచూ, చలి మరీ ముదిరిన రోజున గడ్డి మీద తెల్లగా పేరిన మంచూను. ఆ ఊరికి కొర్రబయలు అని మరో పేరుంది. ఆరుబయట పడుకున్నవాడు పొద్దుటికి కొర్రులా బిగుసుకుపోతాడని దానికి చెప్పే అర్థం.

ఈ ఊళ్లో పెద్దవాళ్లెవరూ సైకిలు తొక్కరు. జీపులు, ఆటోలు, మోటారు సైకిళ్లు. సైకిళ్లు బడి పిల్లలవి. నేను తొక్కుకుంటూ వెళ్తే ఎదురొచ్చిన ప్రతివాళ్లూ జాలిపడతారు. "ఏటి మేస్టారూ, బండి రిపేరా?" మొదట్లో వివరంగా జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడు అవునంటాను.

ఎత్తు అనేది ఇక్కడ కొండలకే పరిమితం కాదు, వంటింట్లోనూ దుకాణంలోనూ ఉంటుంది. నీళ్లు నూరు డిగ్రీల దాకా ఆగవు, సుమారు 97కే మరిగిపోతాయి. కుక్కరు లేకుండా కందిపప్పు ఉడకబెట్టబోతే కట్టెలు అయిపోతాయి, పప్పు అవదు. విశాఖ నుంచి ఘాటెక్కి వచ్చిన చిప్స్ పొట్లాలు దుకాణం గుమ్మానికి వేలాడుతూ పిల్లవాడి బుగ్గల్లా ఉబ్బి ఉంటాయి. లోపల ఉన్నది సముద్రపు ఒడ్డు గాలి. బయట మా పలుచటి గాలి దాన్ని అంత గట్టిగా అదమలేదు. పొట్లం వేలితో నొక్కి చూడటం నాకలవాటు. కొంటానని దుకాణదారు ఆశ వదులుకున్నాడు.

నవంబరు వస్తే నా దారి డుంబ్రిగూడ వైపు మళ్లుతుంది. అప్పటికి వలిసెలు పూస్తాయి. వెర్రినువ్వులని కొందరంటారు. మెరకల మీద, రాతి నేలల్లో, ఇంకేదీ సరిగ్గా పండని చోట చల్లిన పైరు. రెండు నెలలు ఎవరూ దానివంక చూడరు. ఆపైన ఓ వారంలో కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు అయిపోతుంది. పొద్దుతిరుగుడు కుటుంబమే, పువ్వు మాత్రం రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది. దగ్గరికెళ్తే రంగుకంటే ముందు చప్పుడు తగులుతుంది. చేను చేనంతా తేనెటీగల మోత. వలిసె మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టదు, మరో మొక్క పుప్పొడి మోసుకొచ్చేవాళ్లు కావాలి. అంత పసుపూ ఆ మోతగాళ్లని పిలవడానికే. మధ్యలో మనుషులు వచ్చి చేలో నిలబడి ఫోటోలు దిగుతున్నారు. పైరు తొక్కేస్తున్నారని రైతులు ఫోటోకింత అని డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు. సబబే.

పూత రాలాక మిగిలేది నల్లగా మెరిసే సన్నటి గింజ. నూనె తీస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది ఈ గింజని చూసే ఉంటారు. అక్కడ పెరట్లో పసుపు పిట్టల కోసం వేలాడదీసే గొట్టాల్లో పోసేది ఇదే.

వలిసెల చేల పైన కొండవాలుకి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని మిరియాల తీగ, నీడలో కాఫీ. కింద కళ్లంలో చోళ్లు, అంటే రాగులు. రోజూ చూసే దృశ్యమే. ఒకరోజు అక్కడే మంచినీళ్లు తాగుతూ ఆలోచిస్తే తట్టింది. వలిసెల పుట్టిల్లు ఇథియోపియా ఎత్తు భూములు. అరబికా కాఫీ పుట్టిల్లూ అవే కొండలు. రాగులు కూడా తూర్పు ఆఫ్రికా ఎత్తుల నుంచి వచ్చినవే. వలిసెలూ చోళ్లూ ఎప్పుడో మనకి లెక్క అందని కాలంలో వచ్చి, ఇక్కడి గిరిజనుల పండగల్లో, అంబలిలో కలిసిపోయి సొంతవాళ్లయిపోయాయి. కాఫీ చాలా ఆలస్యంగా వచ్చి, 2019లో అరకు పేరు మీద భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. ఒకే ఊరివాళ్లు ముగ్గురు వేర్వేరు కాలాల్లో బయల్దేరి, సముద్రం దాటి, ఒకే కొండ మీద ఇరుగుపొరుగున ఇళ్లు కట్టుకున్నట్టు! వాటికి కావలసింది ఇంతే కాబోలు, పగలు ఎండ, రాత్రి చలి, నీళ్లు నిలవని వాలు.

కాఫీ పూతకి చూపుతో పనిలేదు, ముక్కు చాలు. వేసవిలో ఒక మంచి వాన పడాలి. అప్పటిదాకా కణుపుల దగ్గర మొగ్గలు పచ్చటి గోళ్లలా బిగుసుకుని కూర్చుంటాయి. వాన పడిన ఎనిమిది పది రోజులకి తోట మొత్తం ఒకే పొద్దున తెల్లబడుతుంది. మల్లె వాసనకి దగ్గరగా ఉండే వాసన, కాస్త తేనె కలిపినట్టు. మూడు నాలుగు రోజులే. ఆ రోజుల్లో పొద్దు వాలాక సుంకరిమెట్ట దారిలో వెళ్తే, చీకట్లో తోట ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఆ పువ్వు కాయై, పండై, ఎర్రబడేసరికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. అప్పుడు మళ్లీ నా చలి మడుగు కాలం వస్తుంది.

ఈ దారిలోనే నేను ఒకసారి గట్టిగా పడ్డాను. ఆ రోజు శిమిలిగుడ స్టేషను దాకా తొక్కాను. కొత్తవలస నుంచి కిరండూల్‌కి వెళ్లే ఈ లైను 1960ల్లో బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం కొండల్ని తొలిచి వేసింది. శిమిలిగుడ బోర్డు మీద ఎత్తు 996.32 మీటర్లని ఉంటుంది. కశ్మీరు లోయలోకి బ్రాడ్‌గేజి పట్టాలు చేరేదాకా దేశంలో అంత ఎత్తున బ్రాడ్‌గేజి స్టేషను మరొకటి లేదని చెప్పుకునేవారు. ఆ పాయింటు మూడు రెండు దశాంశ స్థానాలు నాకు భలే ఇష్టం. ఎవరో ఓపిగ్గా కొలిచారు! తిరుగు దారిలో తుంపర పట్టుకుంది. రిమ్ములు తడిస్తే బ్రేకు రబ్బర్లు సబ్బు రాసినట్టు జారతాయని తెలుసు. తెలిసి ఏం లాభం? మలుపు దగ్గర రెండు బ్రేకులూ నొక్కాను, సైకిలు వినలేదు. కాలు ఆనించాను, అరిగిన చెప్పు కూడా వినలేదు. కొండ వైపు కాలవలో పడ్డాను. లోయ వైపు కాదు గనక ఇది రాస్తున్నాను.

మోచెయ్యి తుడుచుకుంటూ అక్కడే కూర్చుంటే, నా ముక్కుకి జానెడు దూరంలో, రోడ్డు కోసం కోసిన గట్టు. తుప్పు రంగు రాయి, మధ్య మధ్య బూడిద చారలు, అందులో దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి పలుకులు. గోటితో గీకితే ఒకటి ఊడి అరచేతిలో పడింది. గార్నెట్. నవరత్నాల్లో గోమేధికం ఈ కుటుంబానిదే. ఇది మాత్రం ఉంగరంలోకి పనికొచ్చే రకం కాదు. ఈ రాయికి భూగర్భ శాస్త్రంలో ఖొండలైట్ అని పేరు, ఈ కొండల్లో ఉండే కోందు తెగ పేరే దానికి పెట్టారు. కోణార్క సూర్యదేవాలయానికి ఎక్కువగా వాడింది ఈ రాతినే. వానలకి కొండ అరిగి, పలుకులు వాగుల్లో కొట్టుకుపోయి, ఆఖరికి సముద్రం చేరతాయి. భీమిలి ఒడ్డున అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద ఎర్రటి చారలు మిగులుతాయే, అవి ఈ గట్టు నుంచీ ఇలాంటి గట్ల నుంచీ వెళ్లినవే. చిన్నప్పుడు ఆ ఎర్ర ఇసుకని అగ్గిపెట్టెలో దాచుకున్నాను. దాని పుట్టిల్లు చూడ్డానికి ఇన్నేళ్ల తర్వాత మోచెయ్యి చీరుకోవలసి వచ్చింది.

సంత రోజున సైకిలు నాది కాదు, సామానుది. పసుపు కొమ్ములు, అల్లం, రాజ్‌మా, అడ్డాకుల కట్టలు, కుంకుడు కాయలు కొండ మీంచి దిగుతాయి. ఉప్పు, ఎండు చేపలు సముద్రపు ఒడ్డు నుంచి ఎక్కి వస్తాయి. మా ఇంటావిడకి కొండ చీపుళ్లు కావాలి, మామూలువి పనికిరావు. క్యారేజీకి అడ్డంగా కట్టుకుని వస్తుంటే వెనకవాళ్లకి నెమలి వెళ్తున్నట్టు కనబడతానట. చీపుళ్లమ్మే అమ్మకి ఒక లెక్క ఉంది. కట్ట ఎత్తి అరచేతి మీద కొట్టి చూపిస్తుంది. పొట్టు రాలకపోతే పాత కోత, రాలితే కొత్తది. కొత్తదే తీసుకోమంటుంది. "వారం రోజులు ఇల్లంతా పొట్టే బాబూ. తర్వాత రెండేళ్లు సూసుకోనక్కర్నేదు."

సంత నుంచి వచ్చే దారిలో గుడిసెల గుంపు దగ్గర ఒక ఎగుడుంది. అక్కడ పిల్లలు కాపు కాస్తారు. వెనకనుంచి సైకిలు తోస్తారు. దానికి కూలీ ఏమిటంటే, అవతలి దిగుడులో ఎక్కించుకోవాలి. వంతులు వాళ్లే వేసుకుంటారు, నేను జోక్యం చేసుకోను. మొన్న వంతు వచ్చినవాడికి ఎనిమిదేళ్లుంటాయి, చొక్కాకి గుండీల్లేవు. చీపుళ్లు వాడి చేతికిచ్చి క్యారేజీ మీద కూర్చోబెట్టుకున్నాను. పొద్దు కొండ వెనక్కి దిగి అరగంటయింది. సైకిలు జారుతోంది. కల్వర్టు ఇంకా ముప్పై గజాలుందనగా వాడు ఉన్నట్టుండి రెండు కాళ్లూ పైకి ముడుచుకుని, చీపుళ్లని ఒళ్లో గట్టిగా అదుముకున్నాడు.

"ఏమైందిరా?"

"ఇక్కణ్ణించి సలి మేస్టారూ."

నా చీలమండలకి అప్పుడే తగిలింది.