నలుగురిలో జంకు

అచ్చంపేట, దేవరకొండ ప్రాంతముల పల్లెలనుండి పట్టణమునకు చదువుకై పోయిన విద్యార్థి, ఆచార్యుడడిగిన ప్రశ్నకు సమాధానమెరిగియు, తన యాసకు తోడివారు నవ్వుదురేమోయని నోరు విప్పకుండుట కలదు. ఇట్టి జంకు కొంతవరకు మానవసహజమే. కాని యది నెలలతరబడి విడువక, చదువునకును జీవనోపాధికిని అడ్డమై నిలిచినచో వైద్యులు దానిని సామాజికభీతి యను రుగ్మతగా నెంచుదురు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథమున దీనికి 1980లో ప్రత్యేకస్థానము లభించినది.

అమ్రాబాదు అడవిలో పులి యెదురైనపుడు దేహమును పరుగునకు సన్నద్ధపరచు నాడీవ్యవస్థయే, పదిమంది చూపులు తనపై బడినపుడును మేల్కొనును. గుండె దడదడలాడును, నోరెండును, అరచేతులు చెమర్చును. 1995లో క్లార్క్, వెల్స్ అను బ్రిటిషు మనస్తత్త్వవేత్తలు వివరించినట్లు, భీతుడు ఎదుటివారిని గమనించుట మాని తన్ను తానే పరీక్షించుకొనుచు, తన గుండెదడ తనకు తెలిసినంతగా పరులకును తెలియుచున్నదని తలచును. తల వంచును, వెనుక వరుస చేరును, పలుకబోవు మాటలను ముందే వల్లించుకొనును. ఈ యుపాయములే వ్యాధికి పోషకములు. ఏలయన, తల దాచుకొనుటచేతనే గండము గడచెనని మనస్సు నమ్ముటచే, గండమే లేదని తెలిసికొను నవకాశము ప్రతిసారియు చేజారును.

అట్లని యీ భీతి సర్వమును కల్పితమనరాదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో, సంఘసంస్కర్త కార్వేగారి యధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభయందు, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబూనగా సభికులు కొందరు గేలిచేసిరి. నొచ్చుకొన్న తెలుగువారు మౌనము వహింపక ఆంధ్రజనసంఘమును నెలకొల్పిరి. ఆ యుద్యమమునుండి వెలసిన ఆంధ్రమహాసభకు 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారును, 1931లో దేవరకొండయందు బూర్గుల రామకృష్ణారావుగారును, ఇరువురును పాలమూరువారే, అధ్యక్షులైరి. ఎగతాళి నిజమైనచోట దానిని వారించుట సంఘముయొక్క విధి. ఒంటివానికి ధైర్యము బోధించుటతో నది తీరదు.

ఇక వ్యక్తి చేయదగినది క్రమాభ్యాసము. బస్సులో కండక్టరుకు ఊరి పేరు గట్టిగా చెప్పుట, అంగడిలో బేరమాడుట, తరగతిలో ఒక ప్రశ్న యడుగుట, తుదకు వేదికనెక్కుట, ఇట్లు మెట్టుమెట్టుగా సాగవలెను. ప్రతిమెట్టునను దడ తగ్గువరకు నిలిచి, దృష్టిని తనపైనుండి ఎదుటివారిపైకి మరల్పవలెను. భీతి తీవ్రమైనచో నిపుణుల మానసికచికిత్సయు, అవసరమైన ఔషధములును గలవు. ప్రభుత్వ మానసికారోగ్య సేవయైన టెలీమానస్‌కై 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును. భయము పూర్తిగా తొలగినపిమ్మట మాటలాడుదమని కూర్చుండువానికి ఆ దినము రాదు. మాటలాడుచుండగనే భయము సన్నగిల్లును.