మూడు మిల్లీమీటర్ల తేడా

ఈ నెల కాలమ్‌లో కోడు లేదు. డేటాబేసూ లేదు, క్లౌడూ లేదు. ఒక బొమ్మ కారు ఉంది. సంపాదకులు సరేనన్నారు కాబట్టి మీరూ కాస్త ఓపిక పట్టండి. మన వృత్తి గోల మధ్యలో దానంతటదే వస్తుంది, నేను ప్రత్యేకంగా లాక్కురానక్కర్లేదు.

పోయిన ఏడాది ఆగస్టులో నాన్న ఆరు నెలలకని న్యూజెర్సీ వచ్చాడు. తెనాలిలో ఇరవై ఏళ్ళకి పైగా టాక్సీ నడిపిన మనిషి. అంబాసిడర్, మార్క్ 4, మీగడ రంగు. 2011లో నా ఎమ్మెస్ మొదటి సెమిస్టర్ ఫీజు కోసం అమ్మేశాడు. ఎంతకి అమ్మాడో ఈ రోజుకీ చెప్పడు. ఇక్కడ ఆయనకి నడిపేందుకు బండి లేదు, మాట్లాడేందుకు మనిషి లేడు. అక్టోబరు వచ్చేసరికి కిటికీ దగ్గర కూర్చుని పోయే కార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అది చూసి నేను ఆన్‌లైన్‌లో 1:24 స్కేలు అంబాసిడర్ కిట్ ఒకటి, 85 డాలర్లు పోసి తెప్పించాను. రెజిన్ కిట్.

రెజిన్ కిట్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మామూలు ప్లాస్టిక్ కిట్లు ఉక్కు అచ్చుల్లో లక్షల్లో పోస్తారు. ఆ అచ్చు చేయించడానికే బోలెడు ఖర్చు, అందుకే బాగా అమ్ముడుపోయే కార్లకే కిట్లు వస్తాయి. మిగిలినవి ఇంట్లో, గరాజ్‌లో చేసేవాళ్ళ పని. చేత్తో ఒక మాస్టర్ మోడల్ చెక్కి, దాని చుట్టూ సిలికోన్ రబ్బరు పోసి అచ్చు తీస్తారు. రెండు సీసాల పాలీయురెథేన్ కొలిచి కలిపి అందులో పోస్తారు. కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. రబ్బరు అచ్చు కొన్ని పదుల కాస్టింగులకే చిరిగిపోతుంది. చేసేవాడికి ఓపికుంటే అద్భుతంగా వస్తుంది. లేకపోతే మాకొచ్చినట్టు వస్తుంది.

పెట్టె తెరిస్తే పైకప్పు మధ్యలో వంగి ఉంది. బానెట్ నిండా గుండుసూది బెజ్జాలు. కలిపేటప్పుడు చేరిన గాలి బయటికి లాగకపోతే వచ్చేవి అవి. కప్పు లోపలివైపు ఒకచోట వేలు పెడితే జిగురు. అంటే రెండు సీసాల పాళ్ళు తప్పాయి, అక్కడ రెజిన్ అసలు గట్టిపడనే లేదు. అద్దాల కోసం ఇచ్చిన ప్లాస్టిక్ అప్పటికే పచ్చబడింది. కాగితం మీద సూచనలు నాలుగు లైన్లు. ఎవరో వదిలేసి వెళ్ళిన ప్రాజెక్టు చేతికొచ్చిన రోజు మీకు గుర్తుంటే, అదే అనుభూతి.

వెనక్కి పంపేద్దామనుకున్నాను. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఒరేయ్, ఈ వెనక తలుపులోంచి మనిషి ఎట్టా ఎక్కుతాడ్రా?" అన్నాడు.

నాకేం తేడా కనపడలేదు. కాలిపర్ తెచ్చి కొలిచాను. అసలు కారుకి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2464 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే 102.7 రావాలి. వచ్చింది 99.5. మూడు మిల్లీమీటర్ల పైచిలుకు తక్కువ. బొమ్మలో మూడంటే కారులో మూడంగుళాలు.

ఇక్కడ నాలోని కన్సల్టెంట్ లేచాడు. మొదట అనుమానించింది కుంచించుకుపోవడాన్ని. రెజిన్ గట్టిపడేటప్పుడు కొంచెం తగ్గుతుంది. ఇంకొకడి కాస్టింగు కొని దానికే అచ్చు తీసి అమ్మేవాళ్ళుంటారు, అలా నకలుకి నకలు తీసిన కొద్దీ తగ్గుతూ పోతుంది. కానీ అదే కారణమైతే కారంతా ఒకే పాళ్ళలో తగ్గాలి. మొత్తం పొడవు కొలిస్తే 179.5. ఉండాల్సింది 180 చిల్లర. అంటే పొడవు దాదాపు సరిగానే ఉంది, చక్రాల మధ్య దూరం ఒక్కటే తప్పు. తప్పు పోతపోయడంలో లేదు, మాస్టర్ చెక్కినవాడి చేతిలో ఉంది. దూరం నుంచి తీసిన ఒక సైడు ఫోటో సంపాదించి పోల్చి చూస్తే ముందు చక్రం సరిగానే ఉంది, వెనక చక్రం గుమ్మటమే ముందుకి జరిగి ఉంది. అంబాసిడర్ వెనక తలుపు అంచు ఆ గుమ్మటం చుట్టూ వంపు తిరుగుతుంది కదా, అందుకని తలుపు ఇరుకైపోయింది. నేను కాలిపర్‌తో, కాలిక్యులేటర్‌తో గంట తంటాలు పడి కనుక్కున్నది ఆయన ఒక్క చూపులో చెప్పాడు. ప్రొడక్షన్ సపోర్టులో ఇరవై ఏళ్ళు చేసినవాడు లాగ్ తెరవకుండానే ఎక్కడ పోయిందో చెప్పినట్టు.

ఆఫీసు స్నేహితుడికి చెబితే "మొత్తం 3డి ప్రింట్ చేసి పారెయ్" అన్నాడు. ఉన్నదాన్ని బాగుచెయ్యమంటే మొత్తం మళ్ళీ రాద్దాం అనే జాతి మనది. మొదట్నించీ గీయాలంటే నా దగ్గర సరైన డ్రాయింగులు లేవు. పైగా ఈ బాడీలో కప్పు వంపు, బానెట్ ముక్కు బాగానే కుదిరాయి. వాటిని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. బాగుచేద్దామనే నిర్ణయించాం.

మొదటి పని కడగడం. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు పోకపోతే ఆ తర్వాత వేసే ఏ రంగూ నిలవదు. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్. జిగురుగా ఉన్న చోటికి మాత్రం మందు లేదు. పైన రంగేస్తే కొన్నాళ్ళకి కిందనుంచి చెమటలా పైకొస్తుంది. గట్టి రెజిన్ తగిలేదాకా గీకి పారేశాను. ఒక మాట గట్టిగా చెబుతాను, ఈ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, ఎప్పుడూ తడిపి సాండ్‌పేపర్ పట్టాలి. మేం వంటింటి సింకులో మొదలుపెట్టాం, మా ఆవిడ పది నిమిషాల్లో గరాజ్‌కి సాగనంపింది. న్యాయమే.

వంగిన కప్పుని వేడినీళ్ళలో పెడితే మెత్తబడుతుంది. మరగకూడదు, వేలు పెట్టలేనంత వేడి చాలు. తీసి, వేళ్ళతో సరిచేసి, చన్నీళ్ళలో ముంచితే ఆ ఆకారంలో ఉండిపోతుంది. నాలుగుసార్లు చెయ్యాల్సి వచ్చింది.

బెజ్జాల దగ్గర నాన్న పైచెయ్యి. నేను పుట్టీ కొనడానికి వెళ్తుంటే ఆపి, "ఫెవిక్విక్, వంటసోడా తే" అన్నాడు. బెజ్జంలో సోడా కూరి పైన చుక్క వేస్తే క్షణంలో రాయి. ఇక్కడ మోడల్ చేసేవాళ్ళు కూడా ఇదే చేస్తారని తర్వాత తెలిసింది. కాకపోతే వెంటనే రుద్దాలి, రాత్రంతా వదిలేస్తే చుట్టూ ఉన్న రెజిన్ కంటే గట్టిపడిపోయి, రుద్దుతుంటే పక్కన గుంట పడుతుంది. మామూలు ప్లాస్టిక్ కిట్లకి వాడే జిగురు రెజిన్‌కి అసలు పనికిరాదు. అది ప్లాస్టిక్‌ని కరిగించి అతికేది, ఇది దానికి కరగదు.

వెనక గుమ్మటం జరపడానికి నవంబరంతా పట్టింది. కోసి జరుపుదామా అని మొదట అనుకున్నాను, ధైర్యం చాల్లేదు. గుమ్మటం ముందు అంచుకి సన్నటి ప్లాస్టిక్ పట్టీ అంటించి ఎపాక్సీ పుట్టీతో మూడు మిల్లీమీటర్లు పూడ్చాం. వెనక అంచు అంతే మేర ఆకురాయితో అరగదీశాం. పాత తలుపు గీత పూడ్చేసి, కొత్త గీత చెక్కాలి. నేను పట్టుకోవడం, నాన్న గీయడం. ఆయన చెయ్యి ఈమధ్య కొద్దిగా వణుకుతోంది. కుడివైపు బాగా వచ్చింది. ఎడమవైపు కింద ఒకచోట గీత అర మిల్లీమీటరు పక్కకి పోయింది. నేను చూశాను, ఏమీ అనలేదు.

ఇరుసుల బెజ్జాలు కూడా వెనక్కి వెయ్యాలని చక్రాలు పెట్టి చూసేదాకా నాకు తట్టలేదు. ఒకచోట మారిస్తే ఇంకెక్కడెక్కడ మార్చాలో చూసుకోమని జూనియర్లకి చెప్పేది నేనే.

ముందు జాలీ ఇంకో కథ. పెట్టె మీద మార్క్ 4 అని ఉంది, లోపల ఉన్నది పాత కార్ల వెడల్పాటి చిన్నగళ్ళ జాలీ. 1979లో మార్క్ 4 వచ్చినప్పుడు జాలీ చిన్నదై గళ్ళు పెద్దవయ్యాయి, పార్కింగు లైట్లు చతురస్రంగా విడిగా వచ్చాయి. "ఇది మన బండి మొహం కాదు" అన్నాడు నాన్న. ఇక్కడ మాత్రం స్నేహితుడి మాట విన్నాను. జాలీ ఒక్కటీ గీసి అతని రెజిన్ ప్రింటర్‌లో తీయించాను. మూడోసారికి నాన్నకి నచ్చింది. ఆ కారు రావడం 2014లో ఆగిపోయింది, ఉత్తరపారా ఫ్యాక్టరీ మూతపడింది. కొలతలకి ఆయన జ్ఞాపకమే నాకు పెద్ద ఆధారం.

జనవరిలో చలి. గరాజ్‌లో స్ప్రే వెయ్యడానికి కనీసం పది డిగ్రీలన్నా ఉండాలి. నాన్న తిరుగు ప్రయాణం ఫిబ్రవరి 20. వారం వారం వాతావరణం చూసుకుంటూ కూర్చున్నాం. రిలీజు తేదీ మారదు, సర్వరు మాత్రం రాదు. ఒక మధ్యాహ్నం ఎండొస్తే బూడిదరంగు ప్రైమర్ వేశాం. ప్రైమర్ టెస్టర్ లాంటిది, మనం పూర్తయిందనుకున్న చోటే కొత్త బెజ్జాలు చూపిస్తుంది. మళ్ళీ సోడా, మళ్ళీ సాండ్‌పేపర్. రెండోసారి, మూడోసారి. రంగు పడింది ఫిబ్రవరి 17న. తెలుపు కొన్నాను, నాన్న ఒప్పుకోలేదు, మీగడ రంగు దొరికేదాకా మూడు దుకాణాలు తిరిగాం. పచ్చబడ్డ అద్దాలు పారేసి, కొత్త చొక్కా పెట్టె పైన ఉండే పారదర్శక ప్లాస్టిక్ కోసి పెట్టాను.

19 రాత్రి చక్రాలు బిగించాం. నా గంట రేటుతో లెక్కేస్తే ఈ ఖర్చుకి నిజం అంబాసిడరే వచ్చేది. పెట్టెలో సర్దబోతుంటే నాన్న ఎడమ తలుపు గీత దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"రేపు ఫ్లైటు సాయంత్రం కదా నాన్నా, పొద్దున్నే అది పూడ్చి మళ్ళీ గీద్దామా?" అన్నాను.

"ఉండనీరా. మన బండికీ ఆ తలుపు కొంచెం పైకెత్తి వేస్తేగానీ పడేది కాదు" అన్నాడు.