రెండు పాత కార్డులా.. ఒక్క కొత్తదా?

ఏఐ, వీఎఫ్‌ఎక్స్, గేమ్ డిజైన్ కొలువులపై కన్నేసిన విద్యార్థులు చాలామంది ఇంట్లో ఉన్న పాత సిస్టమ్‌తోనే నెట్టుకొస్తుంటారు. అందులో రెండు గ్రాఫిక్స్ కార్డులుంటే ‘మనది డబుల్ పవర్’ అనే ధీమా కూడా ఉంటుంది. నిజంగా అంత పవర్ ఉందా? రెండూ తీసేసి ఒక్క కొత్త కార్డు వేస్తే ఉద్యోగ ప్రయత్నానికి లాభమేనా? అమ్మానాన్నలను ఇరవై, ముప్పై వేలు అడిగే ముందు ఈ లెక్కలు చూసుకోండి.

ఉయ్యూరు నుంచి కంకిపాడు మీదుగా రోజూ బస్సులో కానూరు కాలేజీకి వెళ్లొచ్చే ఫైనలియర్ విద్యార్థిని తీసుకుందాం. అన్నయ్య వాడి వదిలేసిన సిస్టమ్ ఇంట్లో ఉంది. అందులో 2014 నాటి జీటీఎక్స్ 970 కార్డులు రెండు. ఒక్కోదానికి 4 జీబీ మెమరీ. డీప్ లెర్నింగ్ ప్రాజెక్టు రన్ చేయగానే ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని ఎర్రర్. నాలుగూ నాలుగూ ఎనిమిది కదా, సరిపోవాలిగా అనిపిస్తుంది. తిరకాసంతా అక్కడే ఉంది.

ఒకటీ ఒకటీ రెండు కాదు

గేముల కోసం రెండు కార్డులను జత చేసే ఎస్‌ఎల్‌ఐ పద్ధతిని ఎన్విడియా 2004లో తెచ్చింది. ఏటీఐ 2005లో క్రాస్‌ఫైర్ పేరుతో అలాంటిదే ఇచ్చింది. ఎక్కువగా వాడిన పద్ధతిలో ఒక కార్డు 1, 3, 5 ఫ్రేములు గీస్తే రెండోది 2, 4, 6 గీస్తుంది. రెండూ ఒకే సన్నివేశాన్ని గీయాలి కాబట్టి ఒకే డేటా రెండింటిలోనూ ఉండాలి. ఇద్దరు విద్యార్థులు వేర్వేరు గదుల్లో చదవాలంటే ఒకే పుస్తకాన్ని రెండు కాపీలు కొనాలి. ఖర్చు రెట్టింపు అవుతుంది, సిలబస్ మాత్రం పెరగదు. 4 జీబీ కార్డులు రెండున్నా గేముకు దక్కేది 4 జీబీయే.

పైగా ఫ్రేములు సమానమైన వ్యవధిలో రాక బొమ్మ కుదుపులకు లోనయ్యేది. ప్రతి గేముకూ డ్రైవర్‌లో ప్రత్యేక సెట్టింగులు కావాల్సి వచ్చేది. చివరికి కంపెనీలే పక్కన పెట్టేశాయి. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 30 సిరీస్‌లో జత చేసే కనెక్టర్ 3090 తరగతి కార్డులకే మిగిలింది. పాత కార్డులకు కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు ఇవ్వడం 2021 జనవరి 1 నుంచి ఆగిపోయింది. 2022 నాటి 40 సిరీస్‌లో ఆ కనెక్టరే లేదు.

ఏఐ పనుల్లో సంగతేంటి?

ఇక్కడ కథ కాస్త వేరు. పైటార్చ్, బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్లకు ఎస్‌ఎల్‌ఐతో పనిలేదు. రెండు కార్డులనూ విడివిడిగా గుర్తించి పని పంచుతాయి. కానీ మెమరీ చిక్కు తీరదు. డేటా ప్యారలల్ పద్ధతిలో మోడల్ మొత్తం ప్రతి కార్డులోనూ ఉండాలి. బ్లెండర్ కూడా సీన్‌ను ఒక్కో కార్డులో విడిగా నింపుతుంది. మోడల్ పొరలను రెండు కార్డులకు విడగొట్టే టూల్స్ ఉన్నాయి గానీ, మామూలుగా ఒక కార్డు పని చేస్తుంటే రెండోది తన వంతు కోసం చూస్తూ కూర్చుంటుంది.

వేగం కూడా రెట్టింపు కాదు. చక్కెర ఫ్యాక్టరీ సీజన్‌లో చెరకు ట్రాక్టర్లు బారులు తీరడం ఉయ్యూరు వాళ్లకు కొత్త కాదు. లోపల మిల్లులు రెట్టింపు చేసినా తూకం వేసే కాటా ఒక్కటే అయితే క్యూ సగానికి తగ్గదు. కంప్యూటర్ సైన్స్‌లో దీన్నే ఆమ్‌డాల్ సూత్రం అంటారు. పనిలో 80 శాతమే పంచగలిగితే రెండు కార్డులతో వచ్చే వేగం 1.67 రెట్లే.

పక్కపక్కన పెట్టి చూస్తే

రెండు జీటీఎక్స్ 970లను, 2021లో వచ్చిన ఒక్క ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డును పోల్చి చూద్దాం.

- మెమరీ: 970లో 4 జీబీ అని ఉన్నా చివరి అర జీబీ బాగా నెమ్మది. 3060లో 12 జీబీ ఒకేచోట ఉంటుంది. 700 కోట్ల పారామీటర్ల భాషా మోడల్‌ను 4 బిట్లకు కుదిస్తే బరువులకే సుమారు 3.5 జీబీ కావాలి. పాత కార్డు దాంతోనే నిండిపోతుంది. కొత్తదాంట్లో హాయిగా నడుస్తుంది.
- లెక్కల వేగం: 970 సెకనుకు గరిష్ఠంగా 3.9 లక్షల కోట్ల లెక్కలు చేయగలదు. రెండూ నూటికి నూరు శాతం కలిసి పనిచేసినా 7.8. ఒక్క 3060 గరిష్ఠ వేగం 12.7 లక్షల కోట్లు. డీప్ లెర్నింగ్‌ను వేగంగా నడిపే టెన్సర్ కోర్లు అదనం. అవి 970లో లేవు.
- కరెంటు: రెండు 970లకు 290 వాట్లు, 3060కి 170. రోజుకు 6 గంటలు పూర్తి లోడు మీద నడిస్తే తేడా నెలకు దాదాపు 22 యూనిట్లు. బిల్లు పై స్లాబ్‌కు వెళ్లడానికి అది చాలు. మే నెలలో గదిలో అదనపు వేడి సంగతి సరేసరి!
- సాఫ్ట్‌వేర్: 970 తరాన్ని ఎన్విడియా 2025లో వచ్చిన కుడా 13 నుంచి తీసేసింది. పాత వెర్షన్లతో పని నడుస్తుంది. కానీ కంపెనీల్లో వాడే కొత్త లైబ్రరీలు ఇంట్లో ప్రాక్టీస్ చేయడం రోజురోజుకీ కష్టమవుతుంది.

కొనేటప్పుడు జాగ్రత్త

- 3060లో 8 జీబీ రకం కూడా ఉంది. బాక్సుపై పేరు మాత్రమే చూసి తీసుకోవద్దు, 12 జీబీ అని సరిచూసుకోండి.
- తర్వాత వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 కరెంటు 115 వాట్లే తీసుకుంటుంది, వేగం కూడా ఎక్కువ. కానీ మెమరీ 8 జీబీ. పైగా అది 8 పీసీఐ లేన్లే వాడుతుంది కాబట్టి పాత మదర్‌బోర్డులో కొంత వేగం తగ్గొచ్చు. గేములు, ఎడిటింగ్ ముఖ్యమైతే అది చూడొచ్చు. మోడల్స్ ట్రైనింగ్‌కైతే 12 జీబీదే నయం.
- రెండింటికీ ఎన్విడియా సూచించేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. రెండు కార్డులు నడిపిన సిస్టమ్‌లో అది సరిపోవచ్చు. అయితే పదేళ్ల పాతదైతే షాపులో ఒకసారి చెక్ చేయించండి.
- సెకండ్ హ్యాండ్ కార్డుల్లో క్రిప్టో మైనింగ్‌కు రాత్రింబవళ్లు వాడినవి ఉంటాయి. పాత చిప్‌కు కొత్త పేరు తగిలించి అమ్మేవాళ్లూ ఉన్నారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అలాంటివి చాలావరకు పట్టేస్తుంది. కార్డును ఎదురుగా నడిపించి చూపించమనండి. బిల్లు, వారంటీ అడగండి.

అసలు కొనాలా?

మీ గురి జావా, టెస్టింగ్, వెబ్ డెవలప్‌మెంట్, బ్యాంకు పరీక్షల మీద ఉంటే గ్రాఫిక్స్ కార్డు మీద రూపాయి కూడా పెట్టొద్దు. సిస్టమ్ నెమ్మదిగా ఉంటే ఎస్‌ఎస్‌డీ, కొంచెం ర్యామ్ వేయించండి చాలు.

డీప్ లెర్నింగ్ ఇప్పుడే మొదలుపెడుతుంటే ముందు ఉచితంగా దొరికేవి వాడండి. గూగుల్ కొలాబ్‌లో టీ4 కార్డు దొరుకుతుంది. కాగుల్‌లో వారానికి సుమారు 30 గంటల పాటు రెండు టీ4 కార్డులు ఇస్తారు. ఒక్కోదానిలో 16 జీబీ. రెండు కార్డుల పాఠం అక్కడా వర్తిస్తుంది. 32 జీబీ అనుకుని కోడ్ రాస్తే మెమరీ ఎర్రరే. రెండోదాన్ని వాడుకునేలా మీరు కోడ్ రాయకపోతే అది ఊరికే పడి ఉంటుంది. నెల, రెండు నెలలు వీటితో పనిచేశాక కూడా టైమ్ చాలట్లేదు, సెషన్ మధ్యలో తెగిపోతోంది అనిపిస్తేనే కొనుగోలు ఆలోచన చేయండి.

ఇంటర్వ్యూలో పనికొచ్చేలా

కార్డు మార్చడం కొనుగోలుతో ఆగిపోకూడదు, దాన్నో చిన్న ప్రాజెక్టుగా చేసుకోండి. మార్చే ముందు ఒకే డేటాసెట్, ఒకే మోడల్ తీసుకుని మొదట ఒక పాత కార్డుతో, తర్వాత రెండింటితో నడపండి. పట్టిన సమయం, వాడిన మెమరీ, వాట్లు నోట్ చేసుకోండి. మెమరీ, వాట్లను ఎన్విడియా-ఎస్‌ఎంఐ కమాండ్ చూపిస్తుంది. కొత్త కార్డు వేశాక అవే కొలతలు మళ్లీ తీయండి. ఒక టేబుల్, ఒక గ్రాఫ్, ఒక పేజీ వివరణతో గిట్‌హబ్‌లో పెట్టండి.

‘రెండు జీపీయూలు పెడితే ట్రైనింగ్ సమయం సగం అవుతుందా?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది అవుననేస్తారు. మీ దగ్గర సొంత కొలతలు ఉంటాయి కాబట్టి ఎంత తగ్గిందో, ఎందుకు సగం కాలేదో, మెమరీ ఎందుకు కలవలేదో వివరంగా చెప్పగలరు. కొత్త కార్డు కొనకుండా కాగుల్‌లోని ఆ రెండు టీ4లపైనే ఈ కొలతలు తీసినా ఆ జవాబుకు అంతే విలువ ఉంటుంది.